ఉప్పునీటిలో నెగ్గిన బంగారం

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,



రోగాన్ని పట్టేందుకు బంగారు నానోరేణువులతో బయోసెన్సర్ చేస్తామంటూ మీ దగ్గరికి ఏటా ఎన్ని దరఖాస్తులు వస్తాయో మీకే తెలియాలి. సమీక్ష కోసం నా చేతికొచ్చిన పరిశోధన వ్యాసాలను బట్టి చెబుతున్నాను. వాటిలో చాలావరకు ఒక్క అంకె మీదే నిలబడి ఉంటాయి. ఇంతకుముందు ఎవరూ పట్టనంత తక్కువ మోతాదును మేం పట్టాం అంటాయి. నానోమోలార్ దగ్గర ఆగినవాళ్ల మీద పికోమోలార్ వాళ్లు, వాళ్ల మీద ఫెమ్టోమోలార్ వాళ్లు గెలుస్తూ పోతున్నారు. ఈ పోటీకి ఇక డబ్బు పెట్టకండి అని అడగడానికే ఈ ఉత్తరం. బంగారం మీద నాకు కోపమేమీ లేదు. రసాయనశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ని, ఆ రేణువులంటే మోజు కూడా ఉంది. నా పేచీ మనం వాటికి పెడుతున్న పరీక్షతో.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. 2023 నాటి చట్టంతో ఏర్పడిన మీ సంస్థకు అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్చాలన్నది సంకల్పం. అందులో కేంద్ర ప్రభుత్వం వాటా 14,000 కోట్లు. మిగతాది పరిశ్రమల నుంచీ దాతల నుంచీ రావాలి. ప్రభుత్వం ఇచ్చేది పన్ను డబ్బు. అది కట్టేవాళ్లు ఇక్కడ ఉన్నారు. రేపు ఆ సెన్సర్ మీద గీత పడిందో లేదో అని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసుకునేదీ వాళ్లే. కాబట్టి మీతో మాట్లాడుతూనే వాళ్లకూ వినపడేలా మాట్లాడతాను. కొన్నిచోట్ల మీకు తెలిసిన సంగతే మళ్లీ చెబుతున్నట్టు ఉంటే ఓపిక పట్టండి.

గర్భనిర్ధారణ పట్టీ మీదా, కరోనా యాంటిజెన్ కిట్టు మీదా మనం చూసిన ఎర్ర గీత చాలా కిట్లలో సిరా కాదు, బంగారమే. 40 నానోమీటర్ల అటూఇటూ ఉండే గుండ్రటి రేణువులు. తల వెంట్రుక మందంలో అలాంటివి రెండు వేల దాకా పక్కపక్కన పడతాయి. గ్రాము బంగారంతో పదిహేను కోట్ల కోట్ల రేణువులు చేయొచ్చు. అందుకే నగల దుకాణంలో తులం ధర ఎంత పెరిగినా పరీక్ష పట్టీ ధరలో బంగారం వాటా లెక్కలోకి రాదు. ఖర్చంతా యాంటీబాడీదీ, పనితనానిదీ.

పచ్చటి లోహం ఎర్రగా ఎందుకు కనపడుతుందన్నది పాత ప్రశ్నే. మైఖేల్ ఫారడే 1857లో లండన్ రాయల్ సొసైటీలో బంగారానికీ కాంతికీ ఉన్న సంబంధం మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఎర్రటి ద్రావణంలో ఉన్నది కంటికి కనపడనంత సన్నటి బంగారమేనని వాదించాడు. ఆయన చేసిన కెంపు రంగు ద్రావణాల సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. యాభై ఏళ్ల తర్వాత, 1908లో, గుస్తావ్ మీ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త దానికి గణితం కట్టాడు. రేణువు మీద కాంతి పడితే లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటిగా ఊగుతాయి. ఆ ఊపు చిన్న బంగారు రేణువుల్లో 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతి దగ్గర, ఉచ్చస్థాయికి చేరుతుంది. ఆకుపచ్చ కాంతిని రేణువు మింగేస్తే మన కంటికి మిగిలేది ఎరుపు. మామూలు రంగు అణువుతో పోలిస్తే ఒక్కో రేణువు వేల రెట్లు, పెద్దదైతే లక్ష రెట్లు ఎక్కువ కాంతిని పట్టుకుంటుంది. పైగా ఎండకు వెలిసిపోదు. కంటికి ఏ పరికరమూ లేకుండా గీత కనపడటానికి మూలం ఇదే.

తయారీ కూడా సులువే, కనీసం పైకి చూస్తే. 1951లో టర్కెవిచ్ అనే రసాయనశాస్త్రవేత్త బృందం చూపిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాం. క్లోరోఆరిక్ ఆమ్లాన్ని పలచగా కలిపి మరిగించి, అందులో సోడియం సిట్రేట్ పోయడం. లేత పసుపు ద్రావణం ముందు రంగు కోల్పోతుంది, తర్వాత నల్లబడుతుంది, ఊదా అవుతుంది, చివరికి ఎర్రగా తేలుతుంది. బీఎస్సీ పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు కనపడలేదు. ఆ ఎర్ర ద్రావణంలో నాలుగు చుక్కల ఉప్పునీరు వేస్తే క్షణాల్లో నీలంగా మారిపోతుంది. రేణువుల మీది రుణావేశం ఒకదాన్నొకటి దూరంగా నెడుతూ ఉంటుంది. ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేస్తే అవి గుమిగూడతాయి, గుమిగూడితే కలిసి ఊగే తీరు మారి రంగు మారుతుంది. 1996లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చాడ్ మిర్కిన్ బృందం రేణువులను డీఎన్ఏ పోగులతో జతకట్టించి, అచ్చంగా ఈ రంగు మార్పునే పరీక్షగా మలచవచ్చని దారి చూపింది. ఈ ఉప్పు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

(ఇలాంటి చోట స్వర్ణభస్మం ప్రస్తావన తేవడం మన వేదికల మీద ఆనవాయితీ అయింది. దాంట్లో నానో పరిమాణపు బంగారం ఉన్న మాట కొలిచి చూపినదే. కానీ భస్మానికీ సెన్సర్‌కూ సంబంధం లేదు. గర్వపడటానికి అది చాలు, గ్రాంటు అడగడానికి చాలదు.)

ఇక మీ దరఖాస్తుల్లో తరచుగా కనపడే సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్, పొట్టిగా ఎస్‌పీఆర్. గాజు మీద 50 నానోమీటర్ల మందాన బంగారు పూత వేసి, కింది నుంచి పట్టకం గుండా కాంతి పంపుతారు. ఏదో ఒక కోణం దగ్గర వెనక్కి వచ్చే కాంతి ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఆ శక్తి పూతలోని ఎలక్ట్రాన్ల అలకు చేరిందన్నమాట. పూత మీద యాంటీబాడీలను పరిచి, పైన నమూనా పారిస్తే, వెతుకుతున్న అణువు వచ్చి అతుక్కోగానే ఆ కోణం కాస్త జరుగుతుంది. 1983లో స్వీడన్‌లో దీన్ని మొదటిసారి జీవాణువుల కోసం వాడారు, 1990 నాటికి యంత్రంగా మార్కెట్లోకి వచ్చింది. దాని బలహీనత ఒక్కటే. అతుక్కున్నది చిన్న అణువైనా, కొద్దిగానే ఉన్నా, కోణం జరగడం యంత్రానికి ఆనదు.

అక్కడ బంగారు రేణువు పనికొచ్చింది. రెండో యాంటీబాడీకి రేణువును కట్టి పంపితే, అది వెళ్లి పట్టుబడిన అణువు మీద కూర్చుంటుంది. రేణువు బరువైనది, కాంతిని బాగా వంచేది, పైగా దానిలోని ఎలక్ట్రాన్ల ఊపు కింది పూతలోని అలతో కలుస్తుంది. మూడూ కలిసి కోణాన్ని గట్టిగా జరుపుతాయి. 1998లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ నేటన్ బృందం ఈ కిటుకుతో మనిషి ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను పికోమోలార్ స్థాయిలో పట్టింది. రెండేళ్లకు అక్కడివాళ్లే డీఎన్ఏతో చేసిన ప్రయోగంలో కోణం మార్పు పది రెట్లకు పైగా పెరిగితే, పట్టగల మోతాదు వెయ్యి రెట్లకు పైగా మెరుగైందని రాశారు. అవి గొప్ప పనులు. ఆ తర్వాత పాతికేళ్లుగా కడ్డీలు, నక్షత్రాలు, పెంకులు, పంజరాలు అంటూ రేణువు ఆకారం మారుస్తూ వేల వ్యాసాలు వచ్చాయి. మన దేశం నుంచి వచ్చినవీ తక్కువేం కాదు. 2007లో 1,000 కోట్లతో నానో మిషన్ మొదలయ్యాక పరికరాలు సమకూరాయి, పిల్లలు తయారయ్యారు. అంతవరకు పెట్టిన డబ్బు వృథా అని నేను అనను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన సెన్సర్లు ఇంట గెలిచి అక్కడే కూర్చున్నాయి.

ఇల్లంటే ఇక్కడ బఫర్. శరీరంలో ఉన్నంత ఉప్పు కలిపి, పీహెచ్ 7.4 దగ్గర నిలిపిన శుభ్రమైన నీరు. అందులో కంపెనీ నుంచి కొన్న స్వచ్ఛమైన ప్రోటీన్‌ను కొలిచి కలిపి, పలచన చేసుకుంటూ పోయి, ఎక్కడిదాకా సంకేతం వచ్చిందో గ్రాఫు గీసి, చివరి చుక్కను 'పట్టగల కనిష్ఠ మోతాదు' అంటారు. వ్యాసం చివర రెండు మూడు సీరం నమూనాల్లో అదే ప్రోటీన్‌ను చేత్తో కలిపి 'నిజమైన నమూనాల్లోనూ పనిచేసింది' అని ఒక చిన్న పట్టిక పెడతారు. ఆ ప్రోటీన్ రోగి శరీరం నుంచి వచ్చింది కాదు, సీసా నుంచి వచ్చింది.

రక్తం సంగతి వేరు. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు చూసే ట్రోపోనిన్-టికి సూక్ష్మ పరీక్షల్లో వాడే హద్దు లీటరుకు 14 నానోగ్రాములు. అదే లీటరు ప్లాస్మాలో మొత్తం ప్రోటీన్లు దాదాపు 70 గ్రాములు. అంటే మనకు కావాల్సిన ఒక్క వంతు చుట్టూ అక్కర్లేనివి అయిదు వందల కోట్ల వంతులు. బంగారు రేణువు రక్తంలో పడగానే ఆ అక్కర్లేని ప్రోటీన్లు దాని చుట్టూ తొడుగులా పేరుకుంటాయి. కొన్ని యాంటీబాడీని కప్పేస్తాయి, కొన్ని తామే పూతకు అతుక్కుని అబద్ధపు సంకేతం ఇస్తాయి. ఆ అబద్ధపు అతుకును కూడా బంగారం నిజం అతుకుతో సమానంగా పెంచి చూపిస్తుంది. ఊరేగింపులో మైకు సౌండు పెంచితే పాటా పెరుగుతుంది, జనం గోలా పెరుగుతుంది. సంకేతాన్ని వెయ్యి రెట్లు పెంచామని చెప్పేవాళ్లను, గోలను ఎంత తగ్గించారని మీ సమీక్షకులు అడగాలి. రేణువు మీద ఇతర ప్రోటీన్లు అంటకుండా పూసే పూతల మీదా, నమూనాను ముందే వడగట్టే పద్ధతుల మీదా పనిచేసేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వాళ్ల వ్యాసాల్లో మెరిసే అంకె ఉండదు కాబట్టి సమీక్షల్లో వెనకబడిపోతున్నారని నా అనుమానం.

దీనికి అన్నిటికంటే పనికొచ్చే పాఠం క్షయ పరీక్షలో ఉంది. దాన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నప్పుడు అది మనకు పరాయి కథ కాదు.

హెచ్ఐవీ ఉన్నవారికి క్షయ వస్తే చాలామందికి కఫం సరిగా రాదు. వచ్చినా అందులో సూక్ష్మజీవులు తక్కువ. కానీ క్షయ సూక్ష్మజీవి గోడలోని ల్యామ్ అనే పదార్థం మూత్రంలోకి వస్తుంది. దాన్ని పట్టే పట్టీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే కొందరు రోగులకు సిఫారసు చేసింది, 2019లో ఆ పరిధిని పెంచింది. చవకైనది, అరగంటలోపే ఫలితం ఇస్తుంది. కానీ సగం మందిని కూడా పట్టలేకపోయింది. అప్పుడు జపాన్ ఫోటో ఫిల్ముల సంస్థ ఫ్యూజీఫిల్మ్ తన పాత విద్యను బయటికి తీసింది. ఫిల్ము కడిగేటప్పుడు వెండి కణం చుట్టూ వెండి పేరుకున్నట్టే, పట్టీ మీద పట్టుబడిన బంగారు రేణువు చుట్టూ వెండిని పేర్చి దాన్ని ఎన్నో రెట్లు పెద్దది చేసింది. ఫోటో స్టూడియోల డార్క్‌రూములు మూతపడుతున్న కాలంలో ఆ రసాయనం ఆస్పత్రిలో పనికి రావడం నాకు భలే నచ్చింది. దక్షిణాఫ్రికాలో ఆస్పత్రిలో చేరిన 968 మంది హెచ్ఐవీ రోగుల నమూనాలపై చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. పాత పట్టీ నూటికి 42 మందిని పట్టిన చోట, కొత్తది 70 మందిని పట్టింది. కొత్త పట్టీ వల్ల రోగుల్లో ఇంత తేడా వచ్చిందని చూపడం, వంద ఫెమ్టోమోలార్ గ్రాఫుల కన్నా విలువైన పని.

కథ అక్కడ ఆగితే నేనీ ఉత్తరం రాసేవాణ్ని కాదు. అదే అధ్యయనంలో, రోగం లేనివారిని లేదని చెప్పే శాతం 95 నుంచి 91కి దగ్గరగా తగ్గింది. ఆ తగ్గుదలలో కొంత, పోల్చి చూసిన పరీక్షలకే దొరక్కుండా పోయిన క్షయ కావచ్చని పరిశోధకులు అన్నారు, అందులో న్యాయం ఉంది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. మరిన్ని దేశాల్లో మరిన్ని కిట్లు వాడి చూస్తే, ఒక లాట్ కిట్లు ఒకలా, ఇంకో లాట్ ఇంకోలా ఫలితం ఇస్తున్నాయని బయటపడింది. అంత పెద్ద సంస్థ, వెండి పేర్చడంలో దశాబ్దాల అనుభవం ఉన్న సంస్థ, అక్కడ తడబడింది. సున్నితత్వం ఎంత పెంచితే తయారీలోని చిన్న తేడాలు అంత పెద్దవై ఫలితంలోకి వస్తాయి. మన ల్యాబుల నుంచి వచ్చే వ్యాసాల్లో లాట్‌కూ లాట్‌కూ తేడా అన్న మాటే ఎంత అరుదుగా కనపడుతుందో మీరొకసారి వెతికించి చూడండి.

ఆ 95కూ 91కీ తేడా నాలుగేగా అనుకునేవారికి ఒక లెక్క. ఒక ఊళ్లో వెయ్యి మందిని పరీక్షించాం, అందులో నిజంగా రోగం ఉన్నది పదిమందికే. పరీక్ష నూటికి 90 మంది రోగులను పడుతుంది, ఆరోగ్యవంతుల్లో నూటికి అయిదుగురిని పొరపాటున రోగులంటుంది. అప్పుడు గీత పడేది తొమ్మిదిమంది రోగులకూ, దాదాపు యాభైమంది ఆరోగ్యవంతులకూ. పొరపాటు నూటికి తొమ్మిదికి పెరిగితే ఆ యాభై కాస్తా దాదాపు తొంభై అవుతుంది. వాళ్లందరినీ మళ్లీ పరీక్షలకు జిల్లా ఆస్పత్రికి తిప్పేది ఎవరు? ఆ కూలి నష్టం ఏ గ్రాఫులోనూ ఉండదు.

కిట్ల మీద నమ్మకం పోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. విదేశం నుంచి తెప్పించిన కరోనా యాంటీబాడీ కిట్లు రాష్ట్రాలకు చేరాయి. ఆర్‌టీపీసీఆర్‌లో పాజిటివ్ అని తేలినవారిలో ఆ కిట్లు పట్టింది కొన్నిచోట్ల 6 శాతం, కొన్నిచోట్ల 71 శాతం అని భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆరే చెప్పాల్సి వచ్చింది. ముందు రెండు రోజులు వాడకం ఆపమన్నారు, వారం తిరక్కుండా వెనక్కి ఇచ్చేయమన్నారు. అదే ఐసీఎంఆర్ ఆ జూన్‌లో యాంటిజెన్ కిట్టును అనుమతిస్తూ రాసిన పత్రం మాత్రం నాకు ఇష్టం. రెండుచోట్ల పరీక్షిస్తే రోగులను పట్టిన శాతం 50.6 నుంచి 84 దాకా ఉందని దాచకుండా రాశారు. లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయమని కూడా అందులోనే చెప్పారు. ఏ పట్టీనైనా దాని బలహీనత తెలిసి వాడితే ఉపయోగమే. సెన్సర్ వ్యాసాలు కూడా ఆ పత్రంలా ఉంటే చాలు.

తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో ల్యాబులో చేయి పెట్టినవాళ్లకు తెలుసు. టర్కెవిచ్ పద్ధతి పైకి సులువు అన్నాను. ఫ్లాస్కును ఆమ్లరాజంతో కడిగారా, నీరు ఎంత శుభ్రం, సిట్రేట్ ఎంత వేగంగా పోశారు, ఎలా కలిపారు, వీటన్నిటి మీదా రేణువు పరిమాణం ఆధారపడుతుంది. యాంటీబాడీ రేణువు మీద నిలబడుతుందా, పడుకుంటుందా అన్నది పీహెచ్ కాస్త అటూఇటూ అయితే మారుతుంది. పడుకున్న యాంటీబాడీ దేన్నీ పట్టదు. ఆ తర్వాత నైట్రోసెల్యులోజ్ పొర. నీరు దాని మీద నాలుగు సెంటీమీటర్లు పాకడానికి ఎన్ని సెకన్లు పడుతుందన్నదాన్ని బట్టి దాన్ని గ్రేడు చేసి అమ్ముతారు, గాలిలో తేమ మారితే ఆ పాకడమూ మారుతుంది. ఇవన్నీ విసుగు పుట్టించే పనులు. పీహెచ్‌డీ విద్యార్థికి వీటితో మంచి జర్నల్‌లో వ్యాసం రాదు, వ్యాసం రాకపోతే ఉద్యోగం రాదు. అందుకే అతను కొత్త ఆకారపు రేణువు వైపు పరుగెడతాడు. అతన్ని తప్పుపట్టను. అటు పరిగెత్తించేది మీరూ, మీ పాటి సంస్థలూ పెట్టిన కొలబద్ద.

నగల బంగారం విషయంలో ఈ దేశం ఎంత పట్టుదలగా ఉందో చూడండి. హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసిన జిల్లాల్లో 2023 ఏప్రిల్ నుంచి అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్ లేకుండా నగ అమ్మకూడదు. 99.99 శాతం స్వచ్ఛతకు మన సొంత ప్రమాణం కూడా ఉంది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, ముంబై టంకశాల కలిసి తెచ్చిన ఆ బంగారానికి బీఎన్‌డీ-4201 అని పేరు. బంగారు నానోరేణువుల పరిమాణానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2008లోనే 10, 30, 60 నానోమీటర్ల ప్రమాణ నమూనాలు విడుదల చేసింది. ఆ పని చేయగల ల్యాబులు మనకున్నాయి. పట్టీల తయారీకి వాడే రేణువులకూ, వాటికి కట్టే యాంటీబాడీలకూ అలాంటి ప్రమాణ నమూనాలను చిన్న కంపెనీలకూ జిల్లా కాలేజీలకూ అందే ధరలో తయారుచేయించండి. మెడలో గొలుసు గురించి పడే శ్రద్ధలో సగం రోగ పరీక్ష మీద పడితే చాలు.

వేడి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చాలా కిట్ల పెట్టె మీద 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమని రాసి ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది, సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం దగ్గర ఫ్రిజ్ ఉన్నా కరెంటు ఉండాలి కదా. మన ఎండలో మూడు నెలలు ఉంచి చూడని పట్టీని మన పల్లెలకు అనువైనదని రాయనివ్వకండి.

ఇప్పుడు ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా తీరంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో ఈ ఉత్తరం చదివే తెలుగువారికి చెప్పక్కర్లేదు. ఢిల్లీలో ఉన్న మీకు మాత్రం చెప్పాలి. షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలు లేకుండానే కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవారికి మూత్రపిండాలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. రక్తంలో క్రియాటినిన్ స్పష్టంగా పెరిగే సరికి కిడ్నీ పనిలో దాదాపు సగం పోయి ఉంటుంది. మూత్రనాళికలు దెబ్బతినగానే మూత్రంలో పెరిగే ఎన్‌గ్యాల్, కిమ్-1 వంటి ప్రోటీన్లను ముందే పట్టగలిగితే జబ్బు ముదరకముందే జాగ్రత్త పడొచ్చన్న ఆశ ఉంది. వాటిని బంగారు రేణువులతో పట్టామన్న వ్యాసాలు దండిగా ఉన్నాయి.

ఆ వ్యాసాలను ఉద్దానం తీసుకెళ్లి చూడాలి. ఏప్రిల్ ఎండలో తోటలో పనిచేసి, సరిగా నీళ్లు తాగని మనిషి మూత్రం చిక్కగా ఉంటుంది. వానాకాలంలో అదే మనిషి మూత్రం పలచగా ఉంటుంది. రెంటిలో ఉప్పు వేరు, యూరియా వేరు, పీహెచ్ వేరు. ఉప్పు తగిలితే రేణువులు గుమిగూడి రంగు మారుతుందని పైన చెప్పాను. పైన సరైన పూత లేని రేణువు ఇక్కడ కిడ్నీ జబ్బును కాదు, మనిషి దాహాన్ని కొలుస్తుంది. క్రియాటినిన్‌తో సరిచూసుకోని అంకెకు ఇక్కడ అర్థం లేదు. ఇది తేలాలంటే ఉద్దానం మనుషుల మూత్రమే కావాలి, అన్ని రుతువుల్లోనూ కావాలి, వాళ్లకు తర్వాత ఏమైందో కొన్నేళ్లపాటు చూడాలి. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరిచారు. విశాఖలో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే పనికి కట్టే తాడు మీ చేతిలో ఉంది. అడిగిన ప్రతివాళ్లకూ ఊళ్లోకి వెళ్లి మూత్రం సేకరించుకొమ్మంటే జనం విసిగిపోతారు. ఇప్పటికే విసిగి ఉన్నారు కూడా. ఒప్పుకోలు పత్రాలతో, రోగి వివరాలకు గోప్యతతో ఒక నమూనాల నిల్వ పెట్టి, సెన్సర్ చేశామన్న ప్రతి ల్యాబుకూ పేర్లు దాచిన సీసాలు పంపండి. ఎవరు రోగో తెలియకుండా కొలిచి చెప్పమనండి. మాటలు అక్కడ తేలిపోతాయి.

మూల పరిశోధన అంతా ఊళ్లోకి పోవాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. ప్లాస్మాన్ల భౌతికశాస్త్రం మీద పనిచేసేవారు ఆ మాటే రాసి డబ్బు అడగాలి, మీరు ఇవ్వాలి. పట్టీ చేద్దామన్న ఉద్దేశంతో గుస్తావ్ మీ ఆ లెక్క కట్టలేదు. నాకు కిట్టనిది, మొదటి పేరాలో పల్లె రోగిని నిలబెట్టి, చివరి పేరాలో ఫెమ్టోమోలార్‌తో ముగించడం. రోగి పేరు చెప్పి తీసుకున్న డబ్బుకు రోగి దగ్గరే లెక్క చెప్పాలి.

ఐసీఎంఆర్‌తో కలిసి మీరు తలపెట్టిన మహా మెడ్‌టెక్ మిషన్ ఇందుకు తగిన చోటు. అందులో కొంత డబ్బును కొత్తది కనిపెట్టేవారికి కాకుండా, ఇంతకుముందే అచ్చయిన సెన్సర్‌ను మరో ల్యాబులో మళ్లీ చేసి చూసేవారికి విడిగా పక్కన పెట్టండి. మళ్లీ చేస్తే రాలేదన్న ఫలితాన్ని కూడా విజయంగా లెక్కగట్టి అచ్చు వేయించండి. అది రాసిన విద్యార్థికి ఉద్యోగం వచ్చేలా మీ కొలబద్ద మార్చండి.

అన్నిటికంటే సులువైనది, డబ్బు ఖర్చు లేనిది ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. వచ్చే ప్రకటనలో దరఖాస్తు ఫారానికి ఒక గడి చేర్చండి: ఈ సెన్సర్‌ను ఎవరి శరీరం నుంచి వచ్చిన నమూనాల మీద, ఎన్ని లాట్లతో, మీ ల్యాబు కాని ఏ ల్యాబులో పరీక్షిస్తారు? మొదటి విడత ఆలోచనకు ఇవ్వండి. ఆ గడిలో రాసినది చేసి చూపనివారికి రెండో విడత ఆపండి.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు